లోకల్, నాన్-లోకల్: ఒక్క గడి వెనక యాభై ఏళ్ల గొడవ

ఈఏపీసెట్ దరఖాస్తులో 'లోకల్ ఏరియా' అని ఒక గడి ఉంటుంది. ఏయూ, ఎస్‌వీయూ, లేదా నాన్-లోకల్. మనలో సగం మందికి దాన్ని నెట్ సెంటర్ అన్నయ్యే నింపేసి ఉంటాడు. ర్యాంకు కంగారులో దానికేసి ఎవరు చూస్తారు? కానీ 85 శాతం సీట్లు ఆ గడిని బట్టే వెళ్తాయి. అమలాపురం కుర్రాడు కాకినాడ కాలేజీలో లోకల్, అదే కుర్రాడు అనంతపురంలో నాన్-లోకల్. రాష్ట్రం ఒకటే, భాష ఒకటే, ర్యాంకు ఒకటే. మరి ఈ గీత ఎవరు గీశారు?

సూటిగా చెప్పాలంటే, మన తాతయ్యల తరం రోడ్డెక్కితే వచ్చిన గీత ఇది. 'తెలంగాణ వాళ్లు విడిపోయారు, మనం కలిసుందామన్నాం' అనే కథే మనకు తెలుసు. దానికంటే 40 ఏళ్ల ముందు 'మేం విడిపోతాం' అని రైళ్లు ఆపింది మన కోస్తా వాళ్లే. ఆ సంగతి మన ఇళ్లలో ఎందుకో పెద్దగా మాట్లాడుకోరు.

మొదలు నిజాం కాలంలో ఉంది. హైదరాబాద్ సంస్థానంలో ఉద్యోగాలన్నీ బయటివాళ్లకే పోతున్నాయని అక్కడివాళ్లు మొత్తుకుంటే 1919లో ముల్కీ నిబంధనలు వచ్చాయి. ముల్కీ అంటే ఆ ముల్కానికి, అంటే ఆ దేశానికి చెందినవాడు. 15 ఏళ్లు అక్కడ నివాసముంటేనే సర్కారు కొలువు. సంస్థానం పోయాక కూడా ఆ నిబంధన పోలేదు. 1952లో హైదరాబాద్ వీధుల్లో 'నాన్-ముల్కీ గో బ్యాక్' అంటూ విద్యార్థులు ఊరేగారు. అప్పటికి ఆంధ్రప్రదేశ్ అనే మాటే లేదని గమనించండి.

1955లో రాష్ట్రాల పునర్విభజన సంఘం, అదే ఫజల్ అలీ కమిషన్, ఓ మధ్యేమార్గం చెప్పింది. తెలంగాణను ప్రస్తుతానికి వేరే రాష్ట్రంగా ఉంచండి, 1961 ప్రాంతంలో ఎన్నికలయ్యాక అక్కడి శాసనసభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే అప్పుడు కలపండి అని. అంత ఓపిక ఎవరికీ లేకపోయింది. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో రెండు ప్రాంతాల నాయకులు కూర్చుని పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వాడైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వాడు కావాలి, తెలంగాణ మిగులు ఆదాయం తెలంగాణలోనే ఖర్చు కావాలి, ఉద్యోగానికి అక్కడ 12 ఏళ్ల నివాసం ఉండాలి, ఇలా. నవంబర్ 1న రాష్ట్రం పుట్టింది. తొలి మంత్రివర్గంలోనే ఉపముఖ్యమంత్రి లేడు. పెళ్లిలో ఒప్పుకున్న లాంఛనాలు అప్పగింతలనాడే ఎగ్గొట్టినట్టు అయింది.

1969లో పాల్వంచ థర్మల్ విద్యుత్ కేంద్రం దగ్గర, ఉద్యోగాల విషయంలోనే, నిప్పు రాజుకుంది. ఉస్మానియా విద్యార్థులు దాన్ని అందుకున్నారు. కాల్పుల్లో వందల మంది పోయారని ఉద్యమకారులు లెక్క చెబుతారు. 1971 లోక్‌సభ ఎన్నికల్లో మర్రి చెన్నారెడ్డి తెలంగాణ ప్రజాసమితి అక్కడి 14 సీట్లలో 10 గెలిచింది. గెలిచాక ఏం చేసింది? కాంగ్రెస్‌లో కలిసిపోయింది. ప్రాంతీయ పార్టీకి ఇది పెద్ద జబ్బు: ఓటు వేరుపడటానికి అడుగుతుంది, కుర్చీ మాత్రం కలిసి ఉన్నచోటే దొరుకుతుంది.

ఇక మనవైపు కథ. 1972 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయని తీర్పిచ్చింది. అంటే రాష్ట్ర రాజధానిలోనే కోస్తా, రాయలసీమ వాళ్లకు ఉద్యోగం రావడం కష్టం. 'మన రాజధానిలో మనమే పరాయివాళ్లమా?' అన్న ప్రశ్న శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఊళ్లను లేపేసింది. జై ఆంధ్ర అని పేరు. తెన్నేటి విశ్వనాథం, గౌతు లచ్చన్న, కాకాని వెంకటరత్నం ముందు నిలిచారు. ఉపముఖ్యమంత్రి బి.వి. సుబ్బారెడ్డి పదవి వదిలి ఉద్యమంలోకి వచ్చారు. కాకాని ఆ డిసెంబర్‌లోనే, ఉద్యమం మధ్యలో చనిపోయారు. ఆంధ్రా యూనివర్సిటీ విద్యార్థుల్లో అప్పుడు ముందున్న ఓ కుర్రాడు తర్వాత ఉపరాష్ట్రపతి అయ్యారు: వెంకయ్యనాయుడు. కాలేజీలు నెలల తరబడి నడవలేదు, రైళ్లు ఆగాయి, కాల్పులు జరిగాయి. పి.వి. నరసింహారావు ప్రభుత్వం పడిపోయి 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది.

ఇక్కడ కాస్త ఆగాలి. 1969లో తెలంగాణ వాళ్లు విడిపోతామన్నది 'మాకు దక్కడం లేదు' అని. 1972లో మనం విడిపోతామన్నది 'మాకు రానివ్వడం లేదు' అని. పైకి రెండూ వేర్పాటే, కానీ లోపలి బాధలు ఎదురెదురు. మొదటిది వెనకబడ్డవాడి భయం, రెండోది ముందున్నవాడి కోపం. ఈ తేడా పట్టుకుంటే ప్రపంచంలో ఎక్కడి ప్రాంతీయ పార్టీనైనా చదవొచ్చు.

ఉదాహరణకు బెల్జియం. ఉత్తరాన ఫ్లాండర్స్, అక్కడ డచ్ భాష. దక్షిణాన వలోనియా, అక్కడ ఫ్రెంచ్. ఫ్లాండర్స్ ఎంత ఉంటుందనుకుంటున్నారు? దాదాపు 13,500 చదరపు కిలోమీటర్లు. మన పాత ఉభయ గోదావరి జిల్లాలు కలిపితే 18,500 పైనే. 2011 జనాభా లెక్కల్లో మన రెండు జిల్లాలు 90 లక్షలు, ఫ్లాండర్స్ జనం 70 లక్షలకు లోపే. అంత చిన్న నేల ఒక దేశం ప్రభుత్వాలను ఆడిస్తోంది.

1830లో బెల్జియం పుట్టినప్పుడు కోర్టు, సైన్యం, చదువు అన్నీ ఫ్రెంచ్‌లోనే. బొగ్గు గనులు, ఉక్కు మిల్లులు వలోనియాలో. ఫ్లెమిష్ వాళ్లది రైతుల భాషని చిన్నచూపు. సినిమాల్లో తెలంగాణ యాసను విలన్లకీ కమెడియన్లకీ మాత్రమే ఇచ్చిన రోజులు గుర్తు తెచ్చుకుంటే ఆ మంట అర్థమవుతుంది. తర్వాత గనులు మూతపడ్డాయి, ఓడరేవులూ కొత్త పరిశ్రమలూ ఉన్న ఫ్లాండర్స్ గొప్పదైంది. అప్పుడు కోపం కూడా రంగు మార్చింది. 'మా భాషను గౌరవించండి' కాస్తా 'మా డబ్బు మీకెందుకివ్వాలి' అయింది. ఇక్కడ నాకు మన డెల్టాయే కనిపిస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యేదాకా ఇదీ కరువులూ ముంపులూ చూసిన నేలే. కాలవలొచ్చి దాదాపు పది లక్షల ఎకరాలు తడిశాక మిగులొచ్చింది. ఆ మిగులు మద్రాసుకి, తర్వాత హైదరాబాద్‌కి సినిమాలుగా, కాంట్రాక్టులుగా, స్థలాలుగా వెళ్లింది. అందుకే ఫ్లెమిష్ ఉద్యమానికి అసలు చుట్టం తెలంగాణ ఉద్యమం కాదు, మన జై ఆంధ్రేనని నా ఉద్దేశం.

ఫ్లాండర్స్‌లో వేర్పాటు జెండా పట్టిన పెద్ద పార్టీ ఎన్-వీఏ, అంటే కొత్త ఫ్లెమిష్ కూటమి. పుట్టింది 2001లో. టీఆర్ఎస్ పుట్టింది కూడా 2001లోనే, ఏప్రిల్ 27న. ఎన్-వీఏ నియమావళి మొదటి అంశంలోనే స్వతంత్ర ఫ్లెమిష్ గణతంత్రం అని ఉంటుంది. కానీ ఎన్నికల్లో అడిగేది అంత కాదు: రెండు ప్రాంతాలూ తమ పన్నులు, సంక్షేమం తామే చూసుకోవాలి, కేంద్రానికి కొద్దిపాటి పనులే మిగలాలి అంటుంది. 2005లో ఆ పార్టీ వాళ్లు నకిలీ నోట్లు నింపిన వ్యాన్లు వేసుకుని వలోనియాకి వెళ్లారు, 'మా సొమ్ము ఇలా పోతోంది' అని చూపించడానికి. మన నాయకులకి ఈ ఐడియా రాకపోవడం అదృష్టం.

వాళ్లకి హైదరాబాద్ లాంటి ముడి బ్రస్సెల్స్. నగరం చుట్టూ ఫ్లాండర్స్, లోపల ఎక్కువమంది మాట్లాడేది ఫ్రెంచ్. విడిపోతే అది ఎవరిది? ఈ ఒక్క ప్రశ్నే ఆ దేశాన్ని ఇప్పటిదాకా కలిపి ఉంచిందని చాలామంది అంటారు. చీల్చడం మొదలెడితే ఎంతదాకా పోతుందో కూడా వాళ్ల దగ్గరే చూడొచ్చు. 1968లో లూవెన్ యూనివర్సిటీలో ఫ్రెంచ్ విభాగం ఫ్లాండర్స్ నేల వదిలి పోవాలని గొడవై ప్రభుత్వం పడిపోయింది. యూనివర్సిటీని రెండు చేశారు. లైబ్రరీని ఎలా పంచారో తెలుసా? పుస్తకం మీది నంబరు బేసి అయితే ఇక్కడే, సరి అయితే అక్కడికి. ఒకే గ్రంథం సంపుటాలు రెండు ఊళ్ల పాలయ్యాయి. 2014లో మన అప్పులని 58.32, 41.68 నిష్పత్తిలో, కరెంటుని వేరే నిష్పత్తిలో పంచుకున్న మనం నవ్వడానికి లేదు.

జై ఆంధ్ర రాష్ట్రాన్ని తేలేదు గానీ మన గడిని తెచ్చింది. 1973 సెప్టెంబర్ 21న ఆరు సూత్రాల పథకం వచ్చింది. ముల్కీ నిబంధనలు రద్దు. వాటి బదులు 32వ రాజ్యాంగ సవరణతో 371డి అధికరణం. 'నువ్వెక్కడ ఉంటున్నావు' అన్న ప్రశ్న పోయి 'నువ్వెక్కడ చదివావు' అన్న ప్రశ్న వచ్చింది. ఆంధ్ర, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర: మూడు యూనివర్సిటీల పరిధులు మూడు లోకల్ ఏరియాలు. ఉద్యోగాలకు ఆరు జోన్లు, ఉభయ గోదావరులూ కృష్ణా కలిపి రెండో జోన్. రాజధానిలో ఏ ప్రాంతం వాళ్లయినా చదువుకునే చోటు ఉండాలని ఆ పథకంలోనే సెంట్రల్ యూనివర్సిటీ మాట రాశారు, హెచ్‌సీయూ అలా పుట్టింది.

కాగితం మీద చక్కని ఏర్పాటు, అమలు దగ్గరే తేలిపోయింది. జోన్లు మీరిన నియామకాలు సరిచేయమని 1985 డిసెంబర్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వమే 610 జీవో ఇచ్చింది. ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆ జీవో అమలు కాలేదనే మాటే ఉద్యమ సభల్లో వినిపించింది. టీఆర్ఎస్ అజెండా అంతా మూడు మాటలు: నీళ్లు, నిధులు, నియామకాలు. నీళ్ల మాట మన బ్రాంచి వాళ్లకి ఇట్టే అర్థమవుతుంది. గోదావరి వాళ్ల నేల మీంచే వస్తుంది, కానీ నది కింద, పొలం పైన. ఎత్తిపోయాలి, కరెంటు కావాలి. మనకేమో కాలవ తెరిస్తే వాలునే పారుతుంది. నది మీద కోపం తెచ్చుకోలేరు కాబట్టి కోపం కిందివాళ్ల మీదికి వచ్చింది. పూర్తిగా న్యాయం అనను, పూర్తిగా అన్యాయమనీ అనలేను.

పార్టీగా టీఆర్ఎస్ నడక తిన్నగా సాగలేదు. 2004లో కాంగ్రెస్‌తో కలిసి 26 సీట్లు, 2009లో తెలుగుదేశంతో కలిసి పదే. ఆ ఓటమి తర్వాతే కేసీఆర్ దీక్ష, డిసెంబర్ 9 ప్రకటన, 23న వెనకడుగు. ఇటు, 1990ల చివర్లో 'ఒక ఓటు, రెండు రాష్ట్రాలు' అని బీజేపీ తీర్మానం చేసింది మన కాకినాడలోనే. అయినా 2013లో మన జిల్లాలు సమైక్యాంధ్ర అన్నాయి. ఎన్జీవోల సమ్మె 66 రోజులు. బస్సులు డిపోలు దాటలేదు. రాజమండ్రి ఎంపీ ఉండవల్లి అరుణ్‌కుమార్, అమలాపురం ఎంపీ హర్షకుమార్ సహా ఆరుగురిని కాంగ్రెస్ బహిష్కరించింది. 2014 మార్చి 12న కిరణ్‌కుమార్‌రెడ్డి జై సమైక్యాంధ్ర పార్టీని రాజమండ్రి సభలోనే మొదలెట్టారు, గుర్తు చెప్పులు. ఎన్నికల్లో ఒక్క సీటూ రాలేదు.

1972లో విడిపోతామన్న జిల్లాలు 2013లో కలిసుందామన్నాయేమిటని తెలంగాణ మిత్రుడెవరైనా అడిగితే మనం కోప్పడకూడదు. రెండుసార్లూ మధ్యలో ఉన్నది హైదరాబాదే. మొదటిసారి అక్కడ మనకు చోటు లేదన్నారు కాబట్టి వద్దన్నాం, రెండోసారి అప్పటికే ఇల్లు, కొలువు, పిల్లల చదువు అక్కడ పెట్టుకున్నాం కాబట్టి వదలమన్నాం. ఐక్యత మాట నిజమే కావచ్చు, కానీ అందులో అన్నయ్య కూకట్‌పల్లి ఫ్లాట్ ఈఎంఐ కూడా ఉంది. ఆ రెండోది సిగ్గుపడాల్సిన విషయమేమీ కాదు. దాన్ని దాచి మొదటిదే చెప్పడం వల్ల అవతలివాళ్లు మనల్ని నమ్మలేదు.

విడిపోయాక గీత జరిగింది కూడా. భద్రాచలం తాలూకా 1959 దాకా తూర్పుగోదావరిదే, తర్వాత ఖమ్మానికి వెళ్లింది. 2014లో పోలవరం ముంపు పేరుతో కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, మరో రెండు మండలాల్లో భాగాలు మనవైపు వచ్చాయి. రాముడి గుడి అక్కడ ఉండిపోయింది. ఆ ఊళ్ల గిరిజనులని ఎటు ఉంటారని అడిగి గీత గీసినవాళ్లు మాత్రం ఎప్పుడూ లేరు.

రెండు పార్టీల సంగతీ ముగించేద్దాం. టీఆర్ఎస్ అనుకున్నది సాధించి, 2022లో పేరులోంచి తెలంగాణ తీసేసి భారత్ పెట్టుకుంది, 2023లో అధికారం పోయింది. ఎన్-వీఏ అనుకున్నది సాధించలేదు, దాని నాయకుడు బార్ట్ డి వెవెర్ 2025 ఫిబ్రవరిలో తాను వద్దన్న బెల్జియానికే ప్రధాని అయ్యాడు.

ఇక గడి. ఉమ్మడి ప్రవేశాలకు చట్టం ఇచ్చిన పదేళ్లు 2024 జూన్ 2తో అయిపోయాయి. ఉస్మానియా ఏరియా పోయాక మన రాష్ట్రంలో మిగిలింది ఏయూ, ఎస్‌వీయూ. ట్రిపుల్ ఐటీల్లాంటి రాష్ట్రస్థాయి సంస్థల్లో లోకల్ సీట్లని 65.62, 34.38 నిష్పత్తిలో పంచుతున్నారు. నెల్లూరు ఎస్‌వీయూ కింద ఉందని గుర్తుంచుకోండి, కోస్తా కదా అని ఏయూ పెట్టేసేవాళ్లున్నారు. చదువులో లోకల్ లెక్క అర్హత పరీక్ష దాకా వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివామన్నది, ఉద్యోగాల దగ్గర మాత్రం పదో తరగతి దాకా చదివిన చోటే చూస్తారు. ఇంటర్‌కి వేరే ఊరెళ్లిన వాళ్లకి రెండూ వేరు కావచ్చు. గ్రూప్స్ రాసే ఉద్దేశమున్న సీనియర్లు, నాలుగు నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు ఆ బడి మూతపడకముందే తెచ్చుకోండి.