ధనుర్వాతము: రైతులు ఎరుగవలసిన సంగతులు

నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రాంతముల మిరప, ప్రత్తి చేలలో పాటుపడు రైతులకు ముల్లు గ్రుచ్చుకొనుట నిత్యకృత్యము. ప్రత్తిమోడు పాదమున దిగినను, పార తగిలినను, ఇంత పసరు పిండియో, పేడ మెత్తియో మరల పనిలో పడుదురు. ఇట్టి చిన్న గాయమే ప్రాణాంతకమగుట కలదు. ఆ వ్యాధియే ధనుర్వాతము. దేహము విల్లువలె వంగుటచే దానికా పేరు వచ్చినది.

ఇది తుప్పుపట్టిన ఇనుము వలననే వచ్చునని పలువురి నమ్మిక. అది సరికాదు. దీనికి కారణమగు సూక్ష్మజీవి మంటిలోను, పశువుల పేడలోను బీజరూపమున ఏండ్ల తరబడి నిలిచియుండును. 1889లో జపాను వైద్యుడు కిటసాటో దీనిని వేరుపరచి చూపెను. గాలి తగులని లోతు గాయమున ఇది మొలకెత్తి విషమును పుట్టించును. ఆ విషము నరముల నాశ్రయించి కండరములను బిగబట్టును. కావున గాయమునకు పేడగాని మన్నుగాని పూయుట శత్రువును ఇంటికి పిలుచుటయే.

గాయమైన 3 మొదలు 21 దినములలో లక్షణములు పొడసూపును. తొలుత దవడలు బిగిసి నోరు తెరువరాదు. పిదప మెడ, వీపు బిగియును, పొట్ట గట్టిపడును, మ్రింగుట కష్టమగును. చిన్న చప్పుడైనను దేహమంతయు ఈడ్చుకొనును. తెలివి మాత్రము తప్పదు. ఇది రక్తపరీక్షతో తేలునది కాదు. వైద్యుడు లక్షణములను చూచియే నిర్ణయించును. కనుక మానిపోయిన గాయమును గూర్చియు ఆయనకు చెప్పవలెను. ఇది ఒకరినుండి ఒకరికి అంటదు.

దవడ బిగిసినవాని నోట నీరైనను పోయరాదు. వెంటనే 108 వాహనమును పిలిపించి పెద్ద ఆసుపత్రికి చేర్చవలెను. అచ్చట విషమును విరుచు ఇమ్యునోగ్లోబులిన్, మెట్రోనిడజోల్, ఈడ్పుల నణచు మందులు ఇచ్చి, గాయమును శుభ్రపరచి, నిశ్శబ్దమగు గదిలో నుంతురు. అవసరమైనచో శ్వాసయంత్రము నమర్తురు. నరములను పట్టిన విషమును ఏ మందును విడిపింపజాలదు. అందుచే జాగు చేయరాదు.

గర్భిణులకు టీకాలు, శుభ్రమగు కాన్పులు కారణముగా ఆంధ్రప్రదేశమున 2003లోను, దేశమంతట 2015లోను నవజాత శిశువుల ధనుర్వాతము దాదాపు తొలగినట్లు నిర్ధారింపబడినది. తల్లులకు, బిడ్డలకు కలిగిన ఈ రక్షణ నడివయస్సు దాటిన పురుషులలో పెక్కుమందికి లేకపోవచ్చును. సార్వత్రిక టీకా కార్యక్రమము 1985లో మొదలైనది. అంతకు ముందు పుట్టినవారు తమకు టీకాలు పూర్తియైనవో లేదో విచారించుకొనవలెను.

ఎన్నడును వేయించుకొననివారు 4 వారముల ఎడముతో రెండు సూదులు, అటుపై 6 మాసములు మొదలు ఏడాదిలోపల మూడవది, పిమ్మట 10 ఏండ్లకొకటి వేయించుకొనవలెను. గాయమైనచో సబ్బునీట బాగుగా కడిగి ఆరోగ్య కేంద్రమునకు పోవలెను. మట్టి, పేడ తగిలిన గాయమైనచో, కడపటి సూదికి 5 ఏండ్లు దాటినవారికి మరియొకటి అవసరము. మూడు సూదులు పూర్తికానివారికి ఇమ్యునోగ్లోబులిన్ కూడ కావలెను. ఒకసారి ఈ వ్యాధి వచ్చి తగ్గినవారికి సైతము టీకా తప్పదు.

ఋణపు వాయిదా తేదీని మరువని సభ్యులు సూది తేదీని కూడ వ్రాసియుంచుకొనవలెనని మేము కోరుచున్నాము.