దుమ్ము దిగిన ఊపిరికి ‘చీటీ’ వైద్యం

ఊరిగాం (కేజీఎఫ్): తెల్లారకముందే ఊరిగాం స్టేషన్ నిండిపోతుంది. మారికుప్పం నుంచి వచ్చే రైలెక్కి కుర్రకారంతా బెంగళూరు పనులకు పోతారు. ఇళ్ల దగ్గర మిగిలేది పెద్దవాళ్లు. వాళ్లలో గని దిగినవాళ్లను గుర్తుపట్టడం కష్టమేం కాదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, రాత్రంతా దగ్గు. గని మూతపడింది 2001 ఫిబ్రవరి 28న. ఊపిరితిత్తుల్లో పేరుకున్న రాతిదుమ్ముకు మాత్రం ఆ సంగతి తెలియదు.

ఆ జబ్బు పేరు సిలికోసిస్. మన దేశంలో దీన్ని మొదట బయటపెట్టింది ఈ గడ్డ మీదే. 1940లలో ఇక్కడి కార్మికులను వేలమందిని పరీక్షిస్తే నూటికి నలభై మందికి పైగా జబ్బు కనిపించిందని 1947లో వెల్లడైంది. చిత్తూరు పల్లెల నుంచి వచ్చి బండ తొలిచిన తెలుగువాళ్లు, ఆర్కాటు నుంచి వచ్చిన తమిళులు ఒకే దుమ్ము పీల్చారు.

రాయిని మింగిన కణం

దుమ్ము రేణువు ఊపిరితిత్తుల్లో చేరగానే ఒంట్లోని కాపలా కణం దాన్ని మింగేస్తుంది. మింగుతుందే గానీ అరిగించుకోలేదు. రాయి కదా! చివరికి ఆ కణమే చచ్చి పగులుతుంది. బయటపడ్డ రేణువును ఇంకో కణం మింగుతుంది. ఈ వరస ఏళ్ల తరబడి సాగుతూనే ఉంటుంది. అందుకే గనిలో పని మానేసినా జబ్బు ముదురుతుంది.

పగిలిన కణంలోంచి దాని డీఎన్‌ఏ కూడా చిందుతుంది. సొంత డీఎన్‌ఏనే శత్రువు అనుకుని ఒళ్లు దాని మీదికి పోవడం వల్లే ఊపిరితిత్తుల్లో వాపు పెరుగుతుందని 2018లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఎలుకల్లో చూపించారు. దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో పనిచేసినవాళ్లకు చర్మం గట్టిపడే జబ్బు వస్తోందని 1957లోనే అక్కడి వైద్యుడు ఎరాస్మస్ రాశాడు. కీళ్లవాతం, లూపస్ లాంటివీ ఈ కోవలోవే. రోగనిరోధక శక్తి సొంత ఇంటి మీదే తిరగబడటమన్నమాట. మరోపక్క ఇదే దుమ్ము క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో తేల్చింది.

ఈ రెండు రకాల జబ్బుల మీదా ఇప్పుడు కొత్త తరహా మందులు తయారవుతున్నాయి. వాటి ముడిసరుకు డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ ముక్కలే.

మేస్త్రీకి రాసిన చీటీ

డీఎన్‌ఏను కంపెనీ ఆఫీసులోని పెద్ద రిజిస్టరు అనుకుందాం. అది గది దాటి బయటకు రాదు. అందులోంచి ‘ఫలానా ప్రొటీన్ తయారుచేయండి’ అని మేస్త్రీకి వెళ్లే చీటీ ఆర్‌ఎన్‌ఏ. మామూలు మాత్రలు చాలావరకు తయారైన ప్రొటీన్‌తో తలపడతాయి. కొత్త మందు దారిలోనే చీటీని చించేస్తుంది. ఈ కిటుకును 1998లో వెల్లడించిన ఫైర్, మెలోలకు 2006లో నోబెల్ దక్కింది. ఆ పద్ధతిలో తొలి మందు 2018లో ఆమోదం పొందింది.

రెండో దారి కొత్త చీటీ పంపడం. కరోనా టీకాలతో పేరుకెక్కిన ఎంఆర్‌ఎన్‌ఏ ఇదే. రోగి కణితిని చదివి, ఆ ఒక్కరి కోసమే రాసిన ఎంఆర్‌ఎన్‌ఏను చర్మ క్యాన్సర్‌పై అమెరికాలో పరీక్షిస్తున్నారు. ఈ పరిజ్ఞానాన్ని సొంతంగా రూపొందించినట్లు హైదరాబాద్‌లోని సీసీఎంబీ 2022లో ప్రకటించింది.

పిల్లలకు పడిన సూది

మూడో దారి సైరన్ ఊదడం. దీని కథ బీసీజీ టీకా దగ్గర మొదలైంది. ఆ సూక్ష్మజీవి డీఎన్‌ఏకు కణితులను అణిచే గుణముందని 1984లో జపాన్ పరిశోధకులు కనిపెట్టారు. డీఎన్‌ఏలోని ఒక చిన్న వరస బ్యాక్టీరియాలో ఎక్కువని, అది కనబడగానే ఒళ్లు అప్రమత్తమవుతుందని 1995లో అమెరికాలో తేలింది. దాన్నే ‘సీపీజీ’ అంటున్నారు.

ఇదేదో పరాయి దేశపు ముచ్చట అనుకోనక్కర్లేదు. 2022 మార్చి 16 నుంచి దేశమంతటా 12-14 ఏళ్ల పిల్లలకు వేసిన కోర్బెవాక్స్‌లో ఈ సీపీజీ ఉంది. ఆ టీకా తయారైంది హైదరాబాద్‌లోని బయొలాజికల్-ఇ లోనే. గని కార్మికుల మనవళ్లు, మనవరాళ్లు ఎందరికో ఆ సూది పడే ఉంటుంది.

టీకాలో నెగ్గినంత సులువుగా క్యాన్సర్‌లో నెగ్గలేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌పై సీపీజీ పరీక్షలను 2007లో ఫైజర్ ఆపేసింది. చర్మ క్యాన్సర్‌పై ఇదే తరహా మరో మందు 2021లో చివరి దశలో తప్పింది. సైరన్ నొక్కేసే మందులు కూడా ఉన్నాయి. తిరగబడే రోగనిరోధక శక్తిని శాంతపరచడానికి వాటిని కండరాలు, చర్మపు జబ్బుల్లో వాడి చూశారు. ఆశించిన ఫలం రాలేదు. అలాగని అన్నీ పోలేదు. ఎముక మజ్జ జబ్బు ఒకదానికి ఇమెటెల్‌స్టాట్ అనే న్యూక్లిక్ ఆమ్ల మందును అమెరికా 2024లో అనుమతించింది.

ఊపిరితిత్తుల దాకా ఎలా?

ఇక్కడివాళ్లకు అసలు అడ్డంకి ఇదే. ఈ మందులు నెత్తురులోకి ఎక్కిస్తే చాలావరకు కాలేయానికి చేరతాయి. అందుకే ఇప్పటిదాకా వచ్చినవాటిలో కాలేయం మీద పనిచేసేవే ఎక్కువ. ఊపిరితిత్తుల్లోకి పీల్చే రూపంలో పంపాలని చూస్తున్నారు. అక్కడ జిగురు అడ్డం, కాపలా కణాలు అడ్డం. పైగా చీటీని చించినా రాతిరేణువు అక్కడే కూర్చుంటుంది! సిలికోసిస్‌ను నయం చేసే మందు ఇవాళ్టికి ఏ రూపంలోనూ లేదు.

కాబట్టి ‘డీఎన్‌ఏ వైద్యం’ పేరుతో ఎవరైనా గ్యారంటీ ఇస్తే నమ్మొద్దు. నిజమైన పరీక్షయితే దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదై ఉంటుంది, ముందుగా సంతకం తీసుకుంటారు. ప్రయోగంలో ఉన్న మందుకు బేరం పెట్టేవాళ్లను దూరం పెట్టాలి.

చేతిలో ఉన్న పని వేరే ఉంది. సిలికోసిస్ ఉన్నవాళ్లకు క్షయ త్వరగా అంటుకుంటుంది. ఎక్స్‌రేలో రెండూ ఒకేలా కనబడి తికమక పెడతాయి. బీడీ దగ్గని ఇంట్లోవాళ్లే కొట్టిపారేసేదీ ఉంది. కీళ్లు పట్టేసినా, చలికి వేళ్లు తెల్లబడినా, కళ్లె ఎర్రగా పడినా ఊరుకోకూడదు. కోలారుకు పోయినా, కుప్పం పోయినా, బెంగళూరు పోయినా డాక్టరుకు మొదట చెప్పాల్సింది గని సంగతి. ఏ షాఫ్టులో, ఎన్నేళ్లు, డ్రిల్లింగా, మట్టి ఎత్తే పనా అన్నది వివరంగా చెప్పాలి. ట్రంకుపెట్టెలో అడుగున పడి ఉన్న సర్వీసు కాగితం ఉంటే, ఎక్స్‌రేతో పాటు అదీ సంచిలో పెట్టుకుని వెళ్లాలి.