ఈతకు దక్కిన చదువు

క్రీడ కేవలం వినోదసాధనం కాదు. కొందరికి అది ఉన్నత విద్యకు ద్వారం కూడా. అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని అనేక విశ్వవిద్యాలయాలు ఈతలో ప్రావీణ్యం గల విద్యార్థులకు ఉపకారవేతనాలిచ్చి తమ జట్లలో చేర్చుకొంటాయి. వారిలో పరదేశీయులూ ఉంటారు. ‘అన్యదేశస్థునికి ఈ సహాయమెందుకు? అతడు రావడంవల్ల స్థానిక విద్యార్థికి అన్యాయం జరగదా?’ అనే ప్రశ్నలు ఆ దేశంలో తరచుగా వినవస్తుంటాయి. వీటిని విచారించడానికి ముందు ఆ విధానాన్ని తెలుసుకోవాలి.

అక్కడి కళాశాలల క్రీడలను ప్రధానంగా నియంత్రించే సంస్థ ఎన్.సి.ఎ.ఎ. ఇది కళాశాలలను మూడు శ్రేణులుగా విభజించింది. మూడవ శ్రేణి కళాశాలలు క్రీడాప్రతిభను బట్టి ధనసహాయం చేయవు. మొదటి శ్రేణిలో చాలాకాలం పాటు పురుషుల ఈత జట్టుకు 9.9, స్త్రీల జట్టుకు 14 ఉపకారవేతనాలు గరిష్ఠ పరిమితిగా ఉండేవి. 9.9 అన్న సంఖ్య వింతగా తోచవచ్చు. కాని ఒక్కొక్క వేతనాన్ని పలువురికి భాగాలుగా పంచే వీలుంది. అందువల్ల ఒకరికి సగం, మరొకరికి పాతిక భాగం దక్కేవి. జట్టులో అందరికీ పూర్తి వేతనం లభించడం అసాధ్యం. 2025లో న్యాయస్థానం ఆమోదించిన ఒప్పందాన్ని అనుసరించి, అందులో చేరిన విద్యాసంస్థలకు వేతనాల సంఖ్యపై పరిమితి తొలగి, జట్టు సభ్యుల సంఖ్యపై పరిమితి వచ్చింది. అప్పుడు కొరత వేతనానికి. ఇప్పుడు కొరత స్థానానికే.

పరదేశ విద్యార్థి మార్గం సుగమమైనది కాదు. కొలనులో వేగం ఒక్కటే చాలదు. పాఠశాలలో తగిన మార్కులు, ఆంగ్లభాషా పరిజ్ఞానం కూడా ఉండాలి. వీసా నిలవాలంటే పూర్తికాల విద్యార్థిగా కొనసాగాలి. 2021 నుండి అమెరికా క్రీడాకారులు తమ పేరుప్రతిష్ఠలతో వాణిజ్య ప్రకటనల ద్వారా ధనం ఆర్జింపగలుగుతున్నారు. విద్యార్థి వీసాపై వచ్చినవారికి మాత్రం ఆ దేశంలో అట్టి ఆర్జనకు వీసా నిబంధనలు అడ్డు. కొలను సైతం కొత్తదే. ఒలింపిక్ పోటీలు 50 మీటర్ల కొలనులో జరిగితే, అక్కడి కళాశాలల పోటీలు సాధారణంగా 25 గజాల కొలనులో జరుగుతాయి. 25 గజాలంటే 23 మీటర్ల కన్న తక్కువే. అందువల్ల మలుపులు అధికం. మలుపులో నేర్పు లేనివాడు వెనుకబడతాడు.

ఈ శ్రమకు దక్కిన ఫలితాలు లోకవిదితాలు. జింబాబ్వేకు చెందిన కిర్‌స్టీ కోవెంట్రీ ఆబర్న్ విశ్వవిద్యాలయంలో చదివి, 2004, 2008 ఒలింపిక్స్‌లలో కలిపి ఏడు పతకాలు సాధించింది. 2025లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘానికి అధ్యక్షురాలిగా ఎన్నికయింది. టెక్సాస్ విశ్వవిద్యాలయ విద్యార్థి జోసెఫ్ స్కూలింగ్ 2016లో రియోలో 100 మీటర్ల బటర్‌ఫ్లై పందెంలో మైకేల్ ఫెల్ప్స్‌ను ఓడించి, సింగపూర్‌కు తొలి ఒలింపిక్ స్వర్ణం సమకూర్చాడు. బాల్యంలో తాను ఆరాధించిన వీరుణ్ణే అతడు జయించడం విశేషం.

అయితే స్థానికుల ఆవేదన నిరాధారమని త్రోసివేయరాదు. పలు విశ్వవిద్యాలయాలు రాష్ట్ర ప్రభుత్వ ధనంతో నడిచేవి. ఆరేండ్ల ప్రాయం నుండి తెల్లవారకముందే లేచి కొలనులో దిగిన స్థానిక బాలునికి, చివరకు ఆ స్థానం దూరదేశవాసికి దక్కితే కలిగే బాధ సహజం. ఒకరికిచ్చిన భాగం మరొకరికి తగ్గిన భాగమే. కాని ఇది దానం కాదు, పరస్పర వినిమయం. మన ప్రాంతం నుండి అమెరికాకు వెళ్ళిన విద్యార్థులు కొందరు ఆచార్యులకు బోధనలో, పరిశోధనలో సహాయపడి రుసుములో రాయితీ పొందడం మనకు తెలిసినదే. వారు మేధాశ్రమతో చెల్లించేదాన్ని ఈతగాడు దేహశ్రమతో చెల్లిస్తున్నాడు.

ఈ వినిమయంలో ఎవరు ఎంత పొందారన్నది ఒక్కొక్కసారి దశాబ్దాల తరువాతగాని తేలదు. దక్షిణ అమెరికాలోని చిన్న దేశమైన సురినామ్‌కు చెందిన ఆంథొనీ నెస్టీ 1988లో సియోల్‌లో 100 మీటర్ల బటర్‌ఫ్లై పందెంలో అమెరికా ఈతగాడు మాట్ బియోండీని సెకనులో నూరవ వంతు తేడాతో ఓడించాడు. తరువాత ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో చేరి, ఆ జట్టు పక్షాన పోటీపడి, కాలక్రమాన అక్కడే శిక్షకుడయ్యాడు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అమెరికా పురుషుల ఈత జట్టుకు ప్రధాన శిక్షకుడు అతడే. ఒకనాడు అమెరికా చేతిలోని స్వర్ణాన్ని అందుకొనిపోయిన పరదేశి, ముప్పదియారేండ్ల తరువాత ఆ దేశపు యువకులనే పతకాల దిశగా నడిపించాడు. విద్యార్థికిచ్చిన చేయూత ఏ రూపంలో, ఏనాడు తిరిగివస్తుందో ముందుగా లెక్కకట్టడం సాధ్యం కాదు.