ఇంటికి పాట ఏ దారిన వస్తుంది?

జఫర్‌గఢ్‌లో ఒక ఇంట్లో ట్రాన్సిస్టరు, పక్కింట్లో ఇంటర్నెట్ రేడియో పాడుతున్నాయనుకోండి. రెండింటిలోనూ అదే కేంద్రం, అదే పాట. కాని ట్రాన్సిస్టరులో చరణం మొదలైనా పక్కింట్లో ఇంకా పల్లవే వినిపిస్తుంది! ఎందుకిలా? కొత్త రేడియో కొనేముందు ఈ సంగతి తెలుసుకోవడం మంచిది.

తరంగాల దారి

రేడియో కేంద్రం ధ్వనిని విద్యుత్ సంకేతంగా మార్చి, దానిని విద్యుదయస్కాంత తరంగాలపై ఎక్కించి పంపుతుంది. వీటి ప్రయాణానికి గాలి కూడా అవసరం లేదు. వీటి వేగం సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి జఫర్‌గఢ్‌కు నేరుగా సుమారు 110 కిలోమీటర్లు. ఆ దూరం దాటడానికి సెకనులో రెండువేలవ వంతు కూడా పట్టదు!

ఈ వేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుంది. హైదరాబాదు ‘ఏ’ కేంద్రపు మీడియం వేవు పౌనఃపున్యం 738 కిలోహెర్ట్జ్. లెక్కకడితే తరంగదైర్ఘ్యం సుమారు 406.5 మీటర్లు. వరంగల్లు ఎఫ్.ఎం. పౌనఃపున్యం 103.5 మెగాహెర్ట్జ్. దాని తరంగదైర్ఘ్యం 2.9 మీటర్లే. పొడవైన తరంగాలు నేలను అంటిపెట్టుకొని, గుట్టలను దాటుకొని చాలా దూరం పోతాయి. పొట్టి తరంగాలు దాదాపు సూటిగా పోతాయి. కొండ అడ్డమైతే బలహీనపడతాయి. అయితే ఎఫ్.ఎం.లో మెరుపుల వల్ల, మోటార్ల వల్ల వచ్చే గరగర చాలా తక్కువ.

మూటల దారి

ఇంటర్నెట్ రేడియోలో పాట అంకెలుగా ప్రయాణిస్తుంది. సీడీ నాణ్యతతో పాటను అంకెలుగా మార్చాలంటే ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలవాలి. కుడి ఎడమలు రెండూ కలిపితే సెకనుకు 14 లక్షల బిట్లకు పైమాటే! అంత బరువు మోయడం కష్టం కదా! అందుకని మన చెవి సాధారణంగా గుర్తించలేని వివరాలను వదిలేసి, ఎం.పి.3, ఏ.ఏ.సి. వంటి పద్ధతులతో దానిని 128 వేల బిట్లకో, అంతకంటే తక్కువకో కుదిస్తారు. తరువాత చిన్న చిన్న మూటలుగా కట్టి పంపుతారు. వీటినే ప్యాకెట్లు అంటారు.

దారిలో ఒక మూట ఆలస్యమైతే పాట తెగిపోదా? తెగకుండా మన రేడియో కొన్ని సెకన్ల పాటను ముందే నిలవ చేసుకుంటుంది. నల్లా ఆగినా తొట్టిలో నీళ్లు ఉన్నట్లే! ఈ నిలవకు బఫర్ అని పేరు. పక్కింటి పాట వెనుకబడడానికి ముఖ్య కారణం ఇదే.

ఈ దారికి ఎల్లలు లేవు. ఆకాశవాణి కేంద్రాలు న్యూస్‌ఆన్‌ఎయిర్ యాప్‌లో కూడా వినిపిస్తాయి గనుక అమెరికాలోని తెలుగువారు సైతం వాటిని వినగలరు.

ఏ రకం మేలు?

ఫోనుకు స్పీకరు కలిపి వింటే ఖర్చు తక్కువ. కాని ఫోను మోగితే పాట ఆగుతుంది. నోటిమాటతో నడిచే స్మార్ట్ స్పీకరు పిలిస్తే పలుకుతుంది. కాని మన మాటను అర్థం చేసుకోవడానికి సాధారణంగా కంపెనీ సర్వరుపై ఆధారపడుతుంది. ప్రత్యేకమైన ఇంటర్నెట్ రేడియో సెట్టుకు మీటలు ఉంటాయి, పెద్దవారికి వాడడం సులువు. అయితే దాని కేంద్రాల పట్టిక కూడా చాలావరకు ఏదో ఒక సంస్థ సర్వరులోనే ఉంటుంది. రెసివా అనే అటువంటి సేవ 2021లో మూతపడింది. ఏ భాగమూ చెడిపోకపోయినా, దానిపై ఆధారపడిన సెట్లు పట్టిక లేక ఇబ్బందిలో పడ్డాయి.

డేటా లెక్క కూడా చూడాలి. సెకనుకు 128 వేల బిట్లంటే 16 వేల బైట్లు, గంటకు 57.6 మెగాబైట్లు. రోజుకు మూడు గంటల చొప్పున నెలకు సుమారు 5.2 గిగాబైట్లు. ట్రాన్సిస్టరుకు ఈ ఖర్చే లేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. 2023 జూలై 27న భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లిని వాగు ముంచెత్తింది. అటువంటి వేళ కరెంటు పోతే ఇంట్లో రౌటరు ఆగిపోతుంది. సెల్ టవరు బ్యాటరీ కూడా కొంతసేపే నిలుస్తుంది. కాని ప్రసారం సాగుతున్నంతసేపూ సెల్లులతో నడిచే ట్రాన్సిస్టరు హెచ్చరికలను వినిపిస్తూనే ఉంటుంది. కాబట్టి ఇంటర్నెట్ రేడియో కొనేవారు ఎఫ్.ఎం. కూడా పట్టేదీ, బ్యాటరీతో నడిచేదీ చూసి కొనాలి. పాత ట్రాన్సిస్టరును పారవేయకూడదు.

మీరూ చేసి చూడండి

మీటరు పొడవు దారానికి చిన్న రాయి కట్టి వేలాడదీయండి. కొద్దిగా పక్కకు లాగి వదలండి. అది ఒక కొస నుంచి రెండో కొసకు పోవడానికి సుమారు ఒక సెకను పడుతుంది. ఇప్పుడు ఒకే కేంద్రాన్ని రేడియోలోనూ, ఫోను యాప్‌లోనూ పెట్టండి. రేడియోలో ఒక మాట వినగానే లెక్క మొదలుపెట్టి, అదే మాట ఫోనులో వినిపించేదాకా లెక్కించండి. ఎనిమిది వచ్చిందనుకోండి. ఆ ఎనిమిది సెకన్లలో రేడియో తరంగం 24 లక్షల కిలోమీటర్లు పోగలదు. అంటే చంద్రుని దాకా మూడుసార్లు పోయి రాగలదన్నమాట!