అర సెకనులో మూడున్నర చుట్లు

తరగతి గదిలో మీ తలపైన తిరిగే ఫ్యానును ఒకసారి చూడండి. పూర్తి వేగంలో అది సెకనుకు ఐదారు చుట్లు తిరుగుతుంది. రెక్కలు కంటికి ఆనవు. ఒక మనిషి నేలను వదిలి గాలిలోకి లేచి, ఆ వేగంతో తిరగడం సాధ్యమేనా? జపాన్‌లోని నగోయా నగరంలో 1990లో పుట్టిన మావో అసాదా పద్నాలుగో ఏటనే ఈ పని చేసి చూపింది.

ఆమె ఆట ఫిగర్ స్కేటింగ్. బూట్ల అడుగున సన్నని ఉక్కు పలకలు బిగించుకొని, సంగీతానికి తగినట్లు మంచుమీద జారుతూ, గిరగిర తిరుగుతూ, ఎగిరి దూకుతూ చేసే విన్యాసమిది. దూకుళ్ళలో ‘యాక్సెల్’ చాలా కష్టమైనది. (బండి ఇరుసుకు ఇంగ్లీషులో వాడే మాట అనుకునేరు! 1882లో దీన్ని చేసి చూపిన నార్వే దేశస్థుడు యాక్సెల్ పాల్సెన్ పేరది.) మిగతా దూకుళ్ళు వెనక్కి జారుతూ మొదలవుతాయి. ఇదొక్కటే ముందుకు జారుతూ లేచి, వెనక్కి జారుతూ దిగాలి. కనుక అర చుట్టు ఎక్కువ. ట్రిపుల్ యాక్సెల్ అంటే నిజానికి మూడున్నర చుట్లన్నమాట. పోటీల్లో దీన్ని సాధించిన మొదటి మహిళ కూడా నగోయా వాసే. ఆమె మిదోరి ఇతో, సంవత్సరం 1988.

ఇప్పుడు పెన్సిలు తీయండి. మీ పాఠంలోని సూత్రమే: 40 సెంటీమీటర్ల ఎత్తు ఎగిరితే పైకి పోవడానికీ దిగడానికీ కలిపి పట్టే కాలం 0.57 సెకను. పోనీ, ఇంకా ఎక్కువసేపు గాలిలో ఉందామా? రెట్టింపు కాలం కావాలంటే నాలుగింతలు, అంటే 160 సెంటీమీటర్లు ఎగరాలి. అది ఎవరి తరం? మంచుమీద ఉండగానే కొంత తిరుగుడు మొదలవుతుందనుకున్నా, మిగిలినదంతా ఆ అర సెకనులోనే పూర్తి కావాలి. కాలం పెరగదు కాబట్టి వేగమే పెరగాలి.

ఎలా పెరుగుతుంది? గిరగిర తిరిగే స్టూలుమీద కూర్చొని, రెండు చేతుల్లో చెరొక లావుపాటి పుస్తకం పట్టుకొని, చేతులు చాపి తిరగండి. పుస్తకాలను గుండెలకు హత్తుకోగానే వేగం హెచ్చుతుంది. (పక్కన ఒకరిని నిలబెట్టుకోండి, పడతారు!) బరువు ఇరుసుకు దగ్గరైతే జడత్వ భ్రామకం తగ్గుతుంది, కోణీయ ద్రవ్యవేగం మారదు, కనుక వేగం పెరగక తప్పదు. మావో చేతులు ముడుచుకొని, కాళ్ళు దగ్గరకు చేర్చి చేసేదీ ఇదే. కాలు మంచును వదిలాక కొత్తగా తిరుగుడు తెచ్చుకొనే వీలు లేదు.

ఇక్కడే ఒక చిక్కుంది. సన్నగా, పొట్టిగా ఉండే పిల్లల శరీరం సులువుగా తిరుగుతుంది. మనిషి ఎదిగి, భుజాలూ నడుమూ విశాలమైతే జడత్వ భ్రామకం పెరుగుతుంది. నిన్న వచ్చిన దూకుడు నేడు రాదు. వయసు పెరిగేకొద్దీ ఇతర ఆటల్లో బలం కలిసివస్తుంది; ఇందులో శరీరమే ఎదురు తిరుగుతుంది.

2005 డిసెంబరులో టోక్యోలో గ్రాండ్ ప్రి ఫైనల్ గెలిచినప్పుడు మావోకు పదిహేనేళ్ళు. రెండు నెలల్లో టొరినో ఒలింపిక్స్. కాని 2005 జూలై 1 నాటికి పదిహేను నిండి ఉండాలన్నది నియమం. 87 రోజులు తక్కువయ్యాయి! పోటీలను ఆమె దూరం నుంచే చూడవలసివచ్చింది. ఎదుగుతున్న పిల్లల ఎముకలూ కీళ్ళూ దెబ్బ తినకూడదన్న ఆలోచన మంచిదే. 2022లో ఈ వయసును దశలవారీగా 17కు పెంచారు కూడా.

2008లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ప్రపంచ పోటీలు. యాక్సెల్ కోసం కాలు మోపగానే జారిపోయి, గోడదాకా దొర్లుకుంటూ పోయింది. లేచింది, మిగిలినది పూర్తిచేసింది, స్వర్ణం గెలిచింది! 2010లో వాంకూవర్ ఒలింపిక్స్‌లో మూడు ట్రిపుల్ యాక్సెల్‌లు చేసింది. ఒకే పోటీలో అన్ని చేసిన మహిళ అంతవరకు లేదు. అయినా స్వర్ణం దక్షిణ కొరియా అమ్మాయి కిమ్ యూనాది, మావోకు రజతం.

ఇరవయ్యో ఏట ఆమె ఒక సాహసం చేసింది. నొబువో సాతో అనే కొత్త గురువు వద్ద చేరి, తన దూకుళ్ళను మొదటినుంచి మళ్ళీ నేర్చుకుంది. చేతవాటంగా ఉన్న రాతను మాన్పి కొత్త దస్తూరి నేర్చుకోమంటే మీకెలా ఉంటుంది? ఆ ఏడు పోటీల్లో పడుతూనే ఉంది. 2011 డిసెంబరులో తల్లి మరణించింది.

2014 ఫిబ్రవరి 19, సోచి ఒలింపిక్స్. మొదటి అంకంలో యాక్సెల్ దగ్గర పడింది. స్థానం: 16. పతకం మీద ఆశ పోయినట్లే. మర్నాడు మళ్ళీ మంచుమీదికి వచ్చి, ముందుగా ఆ యాక్సెలే చేసింది. ఈసారి నిలిచింది. ఆ తరువాత ఒక్కసారీ పడలేదు. ఆ అంకానికి ఆమెకు వచ్చిన మార్కులు 142.71, అంతవరకు ఆమె సాధించిన వాటిలో అదే ఎక్కువ. చివరికి ఆరో స్థానం దక్కింది. అయిపోగానే ఆమె మంచుమీదే కన్నీళ్ళు పెట్టుకుంది. మరుసటి నెలలో సైతామాలో మూడవసారి ప్రపంచ విజేత అయింది.

తరువాత ఒక ఏడాది విరామం తీసుకుంది. తిరిగి వచ్చాక మోకాలు బాధపెట్టింది. ఒంటికాలిమీద దిగే ఆట కదా! 2016 డిసెంబరులో జాతీయ పోటీల్లో 12వ స్థానం వచ్చింది. 2017 ఏప్రిల్‌లో, ఇరవయ్యారో ఏట, పోటీలు విరమించింది.