కడుపులోని బిడ్డకు ఎం.ఆర్.ఐ.: భయం వద్దు, ఆలస్యం వద్దు

నీరసం మీద నీరసం భరిస్తూ బిడ్డను మోసే తల్లి కష్టాన్ని దివ్య ఖుర్ఆన్ లుఖ్మాన్ సూరాలో గుర్తు చేస్తుంది. ఆ భారంలో పాలుపంచుకోవడం కుటుంబమంతటి బాధ్యత.

ఐదో నెల స్కానింగులో బిడ్డ మెదడు గురించి సందేహం కలిగితే డాక్టరు ఎం.ఆర్.ఐ. తీయించమనవచ్చు. వెంటనే ఇంట్లో మూడు ప్రశ్నలు లేస్తాయి. బిడ్డకు హాని జరగదు కదా? ఖర్చు ఎలా? జహీరాబాద్ నుంచి సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌కు ఎవరు తీసుకెళతారు?

ఎం.ఆర్.ఐ.లో ఎక్స్‌రే కిరణాలుండవు. అయస్కాంతం, రేడియో తరంగాలతోనే చిత్రాలు వస్తాయి. గర్భిణులకు రంగు మందు ఇంజక్షన్ సాధారణంగా ఇవ్వరు. నగలు తీసివేయాలి. ఒంట్లో లోహపు పరికరాలుంటే ముందే చెప్పాలి. యంత్రం చప్పుడు చేస్తుంది, అంతే.

ఇది గర్భిణులందరికీ అవసరం లేదు. సందేహం ఉన్నచోట మాత్రం ఎంతో మేలు. మెదడు లోపం ఉందని అనుమానించిన 570 మంది గర్భస్థ శిశువులపై బ్రిటన్‌లో జరిపిన అధ్యయనం 2017లో వెలువడింది. అల్ట్రాసౌండ్ నిర్ధారణ 68 శాతం మందిలో సరైనదని తేలగా, ఎం.ఆర్.ఐ. తోడైతే అది 93 శాతానికి పెరిగింది.

'లోపం తెలిసినా ఏం చేయగలం?' అని కొందరంటారు. 120 రోజులు దాటాక, తల్లి ప్రాణానికి ముప్పుంటే తప్ప, వైకల్యం కారణంగా గర్భస్రావం కూడదని మక్కాలోని ఫిఖ్ మండలి 1990లో తీర్మానించింది. ఎం.ఆర్.ఐ. సాధారణంగా ఆ గడువు తర్వాతే తీస్తారు. కనుక మనకు దాని ప్రయోజనం బిడ్డను వదులుకోవడం కాదు, బిడ్డ కోసం సిద్ధపడటం. కాన్పు ఏ ఆసుపత్రిలో జరగాలి, పుట్టగానే ఏ వైద్యుడు దగ్గరుండాలి అన్నది ముందే తెలుస్తుంది. ఆడా, మగా అని మాత్రం అడగరాదు. చట్టరీత్యా అది నేరం.

యంత్రం ఒక్కటే ఉంటే చాలదు. కడుపులో కదిలే బిడ్డ చిత్రాలను చదవగల రేడియాలజిస్టు కావాలి. జిల్లాలో తీసిన చిత్రాలను హైదరాబాద్ నిపుణులకు పంపి అభిప్రాయం తెప్పించే ఏర్పాటు ఉంటే పేద గర్భిణికి ప్రయాణం తప్పుతుంది. ఈ సదుపాయం కోసం ప్రభుత్వాన్ని అడగాలి. అంతవరకు దారి ఖర్చులకు, పరీక్ష ఖర్చులకు మొహల్లా బైతుల్‌మాల్ ముందుకు రావాలి.

తన పరిచారిక కాన్పులో మరణించిందన్న వేదనతో నిలోఫర్ రాకుమారి పూనుకోగా, 1953లో హైదరాబాద్‌లో ఆమె పేరిట ఆసుపత్రి వెలసింది. ఒక ఇంటి దుఃఖం ఎందరో తల్లులకు ఆసరా అయింది. మన మొహల్లాలోని గర్భిణి కోసం మనం ఒక వాహనమైనా ఏర్పాటు చేయలేమా?