8080కి వచ్చింది 80కి చేరేదెలా?

నూజివీడు అనగానే చిన్న రసాలు, పెద్ద రసాలు గుర్తొస్తాయి. 2008 నుంచి అక్కడ ట్రిపుల్ ఐటీ కూడా ఉంది. పదో తరగతి అవగానే చేరి ఆరేళ్లు చదివే ఆ పిల్లల్లో కంప్యూటర్స్ తీసుకున్నవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు తగిలే చిక్కు ఇది. ఒక విద్యార్థి తన ల్యాప్‌టాప్‌లో వర్చువల్ మెషీన్ పెట్టి, అందులో వెబ్‌సైట్ నడుపుతాడు. తన తెర మీద బాగానే తెరుచుకుంటుంది. పక్క గది స్నేహితుడికి మాత్రం రాదు.

వర్చువల్ మెషీన్ అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో కట్టిన మరో కంప్యూటర్. దానికి చోటిచ్చే అసలు యంత్రమే హోస్ట్. లైనక్స్‌లో వర్చువల్ మెషీన్లను కేవీఎంతో నడిపితే లోపలి యంత్రాలకు మామూలుగా 192.168.122తో మొదలయ్యే చిరునామాలు వస్తాయి. చివర 1 ఉన్నది హోస్ట్‌ది. 2 నుంచి 254 దాకా మిగిలిన 253 లోపలివాళ్లవి. హైదరాబాద్‌లో ఇంకొకరి కంప్యూటర్‌లోనూ ఇవే అంకెలు ఉండొచ్చు. కాబట్టి వీటిని పట్టుకుని బయటివాళ్లు లోపలికి రాలేరు.

ప్రతి యంత్రానికీ సొంత చిరునామా ఇస్తే పోదా? ఐపీవీ4 పద్ధతిలో ఉన్నవే సుమారు 429 కోట్లు. ప్రపంచ జనాభా 800 కోట్లు దాటింది. ఇద్దరికి ఒకటి లెక్కన వస్తే, ఫోన్లూ టీవీలూ ల్యాప్‌టాప్‌లూ ఉన్న ఇంటికి ఏం సరిపోతాయి?

వీధి వైపు ఒకటే డోర్ నంబర్ ఉన్న ఇంట్లో, వెనక వాటా వాళ్ల ఉత్తరాన్ని ముందింటివాళ్లు అందుకుని లోపలికి ఇస్తారు. పోర్ట్ ఫార్వర్డింగ్ ఆ పనే చేస్తుంది. ఒక్కో సేవకు ఉండే సంఖ్యను పోర్ట్ అంటారు. ఇవి 0 నుంచి 65,535 వరకు ఉంటాయి. వెబ్‌కు 80, దూరం నుంచి లాగిన్ అవడానికి 22. ‘హోస్ట్ 8080కి వచ్చింది 192.168.122.50లోని 80కి పంపు’ అని నియమం రాస్తాం. కేవీఎం బదులు వర్చువల్‌బాక్స్ వాడితే, నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఆ రెండు పోర్టులూ నింపితే చాలు.

‘నియమం రాశాను, అయినా రావట్లేదే?’ కేవీఎం వాడేవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. చిరునామా మార్చడం ఒక నియమం, లోపలికి పోనివ్వడం వేరే నియమం. కేవీఎం నెట్‌వర్క్‌ను చూసుకునే లిబ్‌వర్ట్, బయటి నుంచి కొత్తగా వచ్చే కనెక్షన్లను మామూలుగా ఆపేస్తుంది. అందుకు అది లైనక్స్ ఫైర్‌వాల్ ఐపీటేబుల్స్‌ను వాడుతుంటే, ఆ నియమాలు పై నుంచి కిందికి చదవబడతాయి కాబట్టి, మన అనుమతి ఆ నిరాకరణకు పైనే ఉండాలి. జవాబు వెనక్కి వెళ్లేటప్పుడు చిరునామాను మళ్లీ తిప్పే పని లైనక్స్ కెర్నల్ తనే చూసుకుంటుంది.

పరీక్షించడం పక్క కంప్యూటర్ నుంచే చేయండి. బయటి నుంచి వచ్చేవాటికి రాసిన నియమం హోస్ట్ తనంతట తాను పంపేవాటికి వర్తించదు. హోస్ట్ దగ్గరే కూర్చుని చూస్తే, సరిగ్గా ఉన్నది కూడా తప్పనిపిస్తుంది. లోపలి వెబ్ సర్వర్ 127.0.0.1కి, అంటే తన యంత్రం లోపలి పిలుపులకు మాత్రమే పలుకుతోందేమో చూడండి. అలా ఉంటే బయటి పిలుపు దానికి వినపడదు. వర్చువల్ మెషీన్ చిరునామాను కూడా స్థిరంగా ఉంచండి. అది రేపు 51 అయితే నియమం 50 దగ్గరే వెతుకుతుంది.

మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ వాడుతుంటే దాని పోర్ట్ 3306ను మాత్రం ఫార్వర్డ్ చేయకండి. డేటాబేస్, వెబ్ సర్వర్ ఒకే యంత్రంలో ఉంటే లోపలే మాట్లాడుకుంటాయి.